ఇప్పపువ్వు కాలంలో అడవి మంటలు: జనవరిలో కొట్టిన ఫైర్ లైన్ మార్చిలో ఎందుకు పనిచేయదు?

అన్నా, మీరు అడిగింది ఇదీ: మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో మీ ఊరి గ్రామసభ కమిటీ ఫారెస్టోళ్లతో కలిసి జనవరిలోనే ఆరు మీటర్ల వెడల్పున ఫైర్ లైన్, అంటే మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసేసిన పట్టీ, కొట్టింది, కాల్చింది కూడా. అయినా మార్చి చివర్లో మంట లైను దాటి లోపలికి పోయింది. వచ్చే ఏడు లైనును పన్నెండు మీటర్లు చేయాలా అని.

వెడల్పు పెంచితే కూలి పెరుగుతుంది, ఫలితం పెద్దగా మారదు. మన అడవిలో టేకు జనవరి నుంచే ఆకు రాలుస్తుంది. నల్లమద్ది, ఇప్ప ఫిబ్రవరి, మార్చిలో రాలుస్తాయి. అంటే మీరు లైను శుభ్రం చేసిన తర్వాతే అసలు ఆకు పడుతోంది. టేకాకు ఎండితే దొప్పలా ముడుచుకుంటుంది, కింద గాలి ఆడుతుంది, నిప్పురవ్వ పడితే చాలు అంటుకుంటుంది. మార్చి మూడో వారానికి మీ ఆరు మీటర్ల లైను మీద బెత్తెడు మందాన ఆకు ఉంటుంది. అప్పుడది లైను కాదు, మామూలు అడవి నేలే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మంట బయటి నుంచి వచ్చి లైను మీద పడుతుందని అనుకుంటాం. ఇక్కడ ఎక్కువ మంటలు లైనుకు లోపలే, ఇప్పచెట్టు కిందే పుడతాయి. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, ఎండుటాకుల మధ్య ఏరడం కష్టం, పాములూ తేళ్ల భయం కూడా ఉంటుంది. అందుకని చెట్టు కింద ఆకుకు నిప్పు పెట్టి ఇంటికొస్తారు. సాయంత్రం పెట్టిన ఆ నిప్పు మర్నాడు మధ్యాహ్నం గాలికి నడక మొదలుపెడుతుంది. కాబట్టి మీ దగ్గర పది మంది కూలీలకే డబ్బుంటే, ఐదుగురిని లైను మీద, ఐదుగురిని ఇప్పచెట్ల కింద పెట్టండి. నా మట్టుకు ఇప్పచెట్ల పనే ముందు.

ఆ పని ఎలా చేయాలంటే, ఫిబ్రవరి రెండో వారంలో ఊళ్లో ఏ ఇల్లు ఏ చెట్టు కింద ఏరుతుందో రాసుకోండి. ఇది అందరికీ తెలిసిందే, కాగితం మీద పెట్టడమే కావలసింది. చెట్టు మొదలు నుంచి కొమ్మల నీడ పడేంత మేర ఆకు ఊడ్చాలి. ఊడ్చిన ఆకును బయటి అంచుకు నెట్టొద్దు, అందరూ చేసే తప్పు ఇదే. అంచున ఆకు గట్టులా పేరుకుంటుంది, ఎవరైనా చుట్ట పారేస్తే ఆ గట్టే మంటను అడవిలోకి అందిస్తుంది. నీడ అంచు దాటి ఇంకో మీటరు వెడల్పున మట్టి కనబడేలా గీకి, ఆకును లోపలికే లాగి, మొదలుకు దూరంగా రెండు మూడు చిన్న కుప్పలు పెట్టండి. కాల్చకుండా గంపల్లో చేనుకు మోసుకుపోతే అన్నిటికంటే మేలు, ఎరువుకు పనికొస్తుంది. మొదలుకు ఆనించి కాలిస్తే బెరడు కమిలి చెట్టు లోపల తొర్ర పడుతుంది. తర్వాతి ఏళ్లలో ఆ తొర్రే పొయ్యి గొట్టంలా పనిచేసి చెట్టును నిలువునా కాల్చేస్తుంది.

పువ్వు మొదలయ్యాక పాత చీరలు గానీ వల గానీ చెట్టు కింద మోకాలెత్తున నాలుగు మూలలా కట్టండి. నేల ఊడ్చే అవసరం తగ్గుతుంది, పువ్వుకు మట్టి అంటదు, ఎండబెట్టినప్పుడు రంగు బాగుంటుంది, ధర పలుకుతుంది. ఇది చెబితే ఇంటావిడలు వెంటనే వింటారు. చట్టం పేరు చెబితే వినరు. చట్టమైతే ఉంది: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టడాన్నీ, రాజేసిన నిప్పును వదిలేయడాన్నీ నిషేధిస్తుంది. దాన్ని బెదిరింపుగా వాడితే నిప్పు పెట్టినవాళ్లు దాచిపెడతారు, కబురు ఆలస్యంగా వస్తుంది, నష్టం మనకే.

బీడీలు చుట్టే తునికాకు సంగతి వేరు. లేత ఆకు బాగా వస్తుందని తుప్పలకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. చిగురు వచ్చేది నిప్పు వల్ల కాదు, పాత కొమ్మ పోవడం వల్ల. ఫిబ్రవరి చివర నుంచి మార్చి మొదటి వారంలోపు పదునైన కొడవలితో తుప్పను నేలకు ఆనించి నరికితే ఆరేడు వారాల్లో కోతకు ఆకు వస్తుంది. మొద్దుబారిన కత్తితో కొడితే మోడు చీలి చిగురు పలచబడుతుంది. అప్పుడే జనం మళ్లీ నిప్పు వైపు చూస్తారు. చంద్రాపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకాలోని పాచ్‌గావ్ గ్రామసభ సామూహిక అటవీ హక్కు, అంటే ఊరి అడవిని ఊరే చూసుకునే హక్కు, వచ్చాక తునికాకు కోయడమే మానుకుని వెదురు మీద నిలబడింది. అందరూ అంత దూరం పోనక్కర్లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ కింద అడవిని కాపాడుకునే నియమాలు గ్రామసభే పెట్టుకోవచ్చు. ‘నిప్పు పెట్టిన తుప్ప ఆకు కల్లంలో (ఆకు కొనే చోట) తీసుకోం’ అని తీర్మానం రాసి కాంట్రాక్టరుతో ఒప్పందంలోనే పెట్టించండి.

ఇప్పుడు లైను. నా లెక్కలో ఆరు మీటర్లు చాలు, బండి బాటల వెంట మూడైనా సరే, కానీ రెండుసార్లు చేయాలి. మొదటిసారి డిసెంబరులో గడ్డి, తుప్ప నరికి ఎండనివ్వాలి. లైనుకు రెండు అంచులా మీటరు వెడల్పున మట్టి తేలేలా గీకి, జనవరి చివర్లోగా మధ్య భాగం కాల్చాలి. పొద్దున మంచు ఆరీ ఆరకముందే గాలికి ఎదురుగా నిప్పు నడిచేలా అంటించండి. మంట నెమ్మదిగా పోతుంది, మనిషి చేతిలో ఉంటుంది. వాలులో అయితే పై నుంచి కిందికి కాల్చుకుంటూ రావాలి. కింద అంటిస్తే పైకి పరుగెత్తుతుంది, వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. అంతా బీటు గార్డు, అంటే ఆ అడవి ముక్కను చూసే ఫారెస్టు ఉద్యోగి, ఎదుటే జరగాలి.

రెండోసారి మార్చి మొదటి వారంలో, తర్వాత పది రోజులకోసారి, కొత్తగా రాలిన ఆకు తీసేయడం. ఇక్కడే బ్లోయర్, అంటే గాలితో ఆకును ఊదేసే పెట్రోలు యంత్రం, అక్కరకొస్తుంది. పెట్రోలులో నూనె కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలపండి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఆ సీజను మొత్తం అది మూల పడుతుంది. యంత్రం వేడి మీద ఉండగా పెట్రోలు పోయొద్దు. ఆకును ఎప్పుడూ ఒకే వైపు ఊదకండి, అక్కడ గుట్ట పడుతుంది. ఓసారి ఇటు, ఓసారి అటు పలచగా చల్లినట్టు పోవాలి.

లైను తెగే చోట్లు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. అడ్డంగా పడిన దుంగ ఒకటి. అది వంతెనలా నిప్పును అవతలికి మోస్తుంది, కోసి రెండు పక్కలకూ దొర్లించాలి. లైను వాగు దగ్గర ఆగిపోవడం ఇంకొకటి. వాగులో నీళ్లుండవు, ఆకు మాత్రం నిండా ఉంటుంది, కాబట్టి వాగు గర్భం కూడా ఊడ్వాలి. రెండు ఊళ్ల హద్దు మధ్య ఎవరిదీ కాని యాభై గజాలు మరీ ప్రమాదం. ఆ తర్వాత ఎండు వెదురు పొదలు: కణుపులు పేలి నిప్పురవ్వలు లైను దాటి పడతాయి, అంచుకు దగ్గరున్న ఎండు గడలు తీసేయండి. ఎండిపోయి నిలబడ్డ చెట్లన్నీ కొట్టేయమని కొందరంటారు. వద్దు. వడ్రంగిపిట్టలకూ గుడ్లగూబలకూ అవే ఇళ్లు. మొదలు చుట్టూ రెండు మీటర్లు గీకి వదలండి చాలు.

కొలామార్క లాంటి చోట, అంటే అడవి బర్రెల కోసం 2013లో కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించిన అడవిలో, లేత గడ్డి కోసం పచ్చిక కాల్చాలన్న మాట వస్తుంది. అది శాఖ ప్రణాళికలో ఉంటేనే, ముక్కలు ముక్కలుగా, జనవరిలోపు. మార్చిలో కాలిస్తే నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు పోతాయి. అంతా ఒకేసారి కాలిస్తే దుప్పి పిల్ల దాక్కునే గడ్డి మిగలదు.

మంట లేచాక. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్లో మీ జిల్లా, రేంజి, బీటు ఎంచుకుని ఫోను నంబరు నమోదు చేస్తే ఉపగ్రహ హెచ్చరిక ఉచితంగా వస్తుంది. దాని పరిమితి తెలిసుండాలి: ఒక చుక్క దాదాపు 375 మీటర్ల గడి. ఉపగ్రహం పోయేది పగలూ రాత్రీ ఒంటిగంటన్నర ప్రాంతంలో. చెట్ల నీడన పాకే చిన్న మంటను అది పట్టుకోకపోవచ్చు. కాబట్టి గుట్ట మీద మనిషి కాపలా మానొద్దు. కబురు చెప్పడానికి మహారాష్ట్ర అటవీ శాఖ 1926 నంబరు ఉంది.

ఎనిమిది నుంచి పది మంది జట్టు చాలు. నూలు బట్టలు, కాళ్లకు బూట్లు. నైలాన్ చొక్కా కరిగి ఒంటికి అంటుకుంటుంది. మనిషికి ఐదు లీటర్ల నీళ్లు తాగడానికే. బాట గానీ ఇప్పటికే కాలిన నేల గానీ ఆసరాగా మొదలుపెట్టి, మంట పక్కల వెంట నడుస్తూ తలను, అంటే ముందుకు పాకే కొసను, ఇరుకు చేయాలి. మంట తలకు ఎదురుగా, వాలు పైన ఎవరినీ నిలబెట్టొద్దు. తప్పుకునే దారి ఎప్పుడూ కాలిన నేల వైపే. మోకాలి లోపు మంటయితే బ్లోయర్‌తో ఆకునూ మంటనూ కాలిన వైపుకు ఊదితే ఆరిపోతుంది. ఎత్తు గడ్డిలో బ్లోయర్ వాడితే నిప్పురవ్వలు లేచి ఇంకో చోట అంటుకుంటుంది, అక్కడ పచ్చి కొమ్మలే దిక్కు. ఎదురు నిప్పు, అంటే వచ్చే మంటకు ఎదురుగా మనమే అంటించడం, అధికారి చెబితే తప్ప వద్దు. మధ్యాహ్నం మంట ఉధృతంగా ఉంటే లైను గీకుతూ ఆగి, సాయంత్రం గాలి పడ్డాక కొట్టడమే తెలివి.

ఆరిందనుకున్న మంట మర్నాడు లేవడానికి కారణం దుంగలూ, పేడ కుప్పలూ, తొర్రలూ. మిర్చికి మందు కొట్టే 16 లీటర్ల పంపును బాగా కడిగి నీళ్లు నింపి తీసుకెళ్లండి. అంచు నుంచి ఇరవై మీటర్ల లోపలి వరకు ప్రతి దుంగ దగ్గరా చేతి వెనక భాగం దగ్గర పెట్టి చూడండి. వేడి తగిలితే నీళ్లు కొట్టి, పారతో గీకి, మళ్లీ కొట్టండి. మట్టి కప్పి వదిలేస్తే లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఒక రాత్రి ఇద్దరు కాపలా ఉండాలి.

తర్వాత, వారం లోపే, మంట ఎక్కడ మొదలైందో అక్కడికి వెళ్లి ఏ చెట్టు కిందో, ఏ బాట పక్కనో ఫిబ్రవరిలో రాసిన ఆ పట్టీలోనే గుర్తు పెట్టండి. పేరు రాయొద్దు, చెట్టు చాలు. వచ్చే ఫిబ్రవరిలో ఊడ్పు ఆ చెట్ల దగ్గరే మొదలవ్వాలి.