బైపాస్ ఆయిల్ ఫిల్టర్ పెట్టాం, ఆయిల్ నల్లగానే ఉంది, డబ్బా చల్లగా ఉంది: ఎక్కడ చూడాలి?

టర్బో డీజిల్ ఇంజన్‌కి బైపాస్ ఫిల్టర్ (కొంత ఆయిల్‌ని పక్కకి తీసి మరింత సన్నగా వడకట్టే అదనపు ఫిల్టర్) బిగించినా ఆయిల్ ఇంకా నల్లగానే ఉందేమిటి, ఫిల్టర్ డబ్బా వేడెక్కట్లేదేమిటి, ఆయిల్ మార్చే గడువు ఇప్పుడు పెంచుకోవచ్చా అని అడిగారు. నలుపు గురించి కంగారు పడకండి. చల్లటి డబ్బాయే అసలు సమస్య. అది తేలేదాకా గడువు జోలికి పోవద్దు.

డీజిల్ మసి కణం విడిగా ఉన్నప్పుడు మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆయిల్‌లో కలిపే డిస్పర్సెంట్ ఆ కణాల్ని ముద్దకట్టనివ్వకుండా విడివిడిగా తేలేలా ఉంచుతుంది. ఆ సన్నటి మసే ఆయిల్‌కి రంగు. 2 మైక్రాన్ల ఎలిమెంట్, అంటే డబ్బా లోపలి వడపోత భాగం, దాన్ని పూర్తిగా ఆపలేదు, ఆపాల్సిన అవసరమూ లేదు. ఎలిమెంట్ పట్టాల్సింది ముద్దకట్టిన మసిని, గాలితో వచ్చే దుమ్ము రేణువుల్ని, అరిగి రాలిన లోహపు రజనుని. ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న ఇంజన్లలో మసి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, కాబట్టి వాటిలో తేనె రంగు ఆయిల్ కోసం ఎదురుచూడటం దండగ.

బేరింగ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య, రింగుకీ లైనర్‌కీ మధ్య ఆయిల్ పొర చాలాచోట్ల కొన్ని మైక్రాన్లే. ఆ సందులో దూరగలిగి, దూరాక గీత పెట్టగలిగే 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులే ఎక్కువ అరుగుదల తెస్తాయి. మామూలు ఫిల్టర్ గుండా ఇంజన్‌కి కావలసిన ఆయిల్ మొత్తం పోవాలి కాబట్టి దాన్ని మరీ బిగుతుగా చేయలేరు. సాధారణంగా 20 నుంచి 40 మైక్రాన్ల దగ్గర ఆగుతుంది. 40 మైక్రాన్ల వడపోతతో పోలిస్తే 30 మైక్రాన్లకి అరుగుదల 50 శాతం, 15 మైక్రాన్లకి 70 శాతం తగ్గిందని జనరల్ మోటార్స్ వాళ్ళ పరీక్షలు 1988లోనే చూపించాయి. బైపాస్ ఫిల్టర్ చేసే పని అదే: పంపు తోసే ఆయిల్‌లో 5 నుంచి 10 శాతం పక్కకి తీసి, 2, 3 మైక్రాన్ల దాకా వడకట్టి, తిరిగి సంప్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, వదలడం. అందుకే ఇది మామూలు ఫిల్టర్‌కి తోడే తప్ప దాని బదులు కాదు. మామూలు ఫిల్టర్ లోపల ఉండే బైపాస్ వాల్వ్ పూర్తిగా వేరు సంగతి. అది ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు వడకట్టని ఆయిల్‌నైనా ఇంజన్‌కి పంపే ఏర్పాటు.

ఇక చల్లటి డబ్బా. పక్కకి వెళ్ళే ఆయిల్‌ని అదుపు చేసేది ఒక ఆరిఫైస్, అంటే సన్న రంధ్రం ఉన్న ఫిట్టింగ్. చాలా కిట్లలో ఆ రంధ్రం 1.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అది మూసుకుపోయినా డ్యాష్‌బోర్డులో ఏ లైటూ వెలగదు, ప్రెషర్ పడిపోదు, బండి మామూలుగానే నడుస్తుంది. వడపోత మాత్రం జరగదు. నెలల తరబడి ఇలాగే తిరిగే బండ్లు చాలానే ఉంటాయి.

పరీక్ష ఇలా చేయండి. బండిని అరగంట నడిపి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఇన్‌లెట్ ఫిట్టింగ్, డబ్బా మధ్యభాగం, అవుట్‌లెట్ ఫిట్టింగ్ మూడింటినీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. మెరిసే అల్యూమినియం మీద ఆ థర్మామీటర్ చాలా తక్కువ చూపిస్తుంది. చూసే చోట నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. సంప్ ఆయిల్ 90 డిగ్రీలుంటే అవుట్‌లెట్ 75 అయినా ఉండాలి. మూడూ చల్లగా ఉంటే ఆయిల్ డబ్బాదాకా రావడమే లేదు. ఇన్‌లెట్ కాలిపోతూ అవుట్‌లెట్ గోరువెచ్చగా ఉంటే ఎలిమెంట్ గానీ, అవుట్‌లెట్‌లో ఉన్న ఆరిఫైస్ గానీ మూసుకుపోయింది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే అవుట్‌లెట్‌లో చిక్కటి ఆయిల్ ధారగా వస్తుంటే సంతోషించకండి, ఎలిమెంట్‌ని తప్పించుకుని పక్క సందులోంచి పోతోందన్నమాట.

ఆయిల్ రావట్లేదని తేలితే మొదట ఆరిఫైస్ విప్పి వెలుతురుకి పట్టి చూడండి. నేను చూసినంతలో ఎక్కువసార్లు దొరికేది తెల్లటి టెఫ్లాన్ టేపు ముక్క. మర మీద మొదటి చుట్టు దాకా టేపు చుడితే బిగించేటప్పుడు అంచు తెగి లోపలికి పోతుంది, నేరుగా ఈ రంధ్రంలోకే వచ్చి కూర్చుంటుంది. టేపు బదులు ద్రవరూపంలో ఉండే థ్రెడ్ సీలెంట్ వాడండి, అదీ మొదటి రెండు చుట్లు వదిలేసి. రంధ్రాన్ని గాలి పట్టి ఊదండి, డ్రిల్ పెట్టవద్దు. వ్యాసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్లకి పెరిగితే ప్రవాహం దాదాపు 80 శాతం పెరుగుతుంది. ఐడిల్‌లో బేరింగులకి అందాల్సిన ప్రెషర్ అక్కడ పోతుంది.

తర్వాత రిటర్న్ లైన్. అది ప్రెషర్ లేని చోటికి, వీలైతే సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన, ఏటవాలుగా దిగాలి. ఆయిల్ ఫిల్లర్ మూత, వాల్వ్ కవర్, టైమింగ్ కవర్ మీద ఫిట్టింగ్ ఏదైనా పర్వాలేదు. హోస్ ఎక్కడైనా మడత పడిందా, క్లాంపు కింద నలిగిందా చూడండి. ఆయిల్ తీసుకునే చోటు ప్రెషర్ సెన్సర్ పక్కన టీ (T ఆకారపు మూడు దారుల ఫిట్టింగ్) పెట్టి తీసిందైతే పర్వాలేదు. టర్బోకి వెళ్ళే ఫీడ్ లైన్ నుంచి మాత్రం ఎప్పుడూ తీయకూడదు.

టీ దగ్గర రెండు ప్రమాదాలున్నాయి. సెన్సర్ రంధ్రం కొన్ని ఇంజన్లలో ఎన్‌పీటీ (అమెరికన్ పైపు) మర, కొన్నిట్లో బీఎస్‌పీటీ (బ్రిటిష్ పైపు) మర. అంగుళంలో ఎనిమిదో వంతు సైజులో మొదటిది అంగుళానికి 27 చుట్లు, రెండోది 28. ఒకదాంట్లో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, అందుకే మోసపోతారు. తర్వాత బిగువు వచ్చి సరిపోయిందనిపిస్తుంది, వేడికి కారడం మొదలవుతుంది. మర గేజ్ పెట్టి చూడకుండా బిగించవద్దు. రెండోది, ఇత్తడి టీకి బరువైన సెన్సర్‌ని వేలాడదీస్తే కంపనానికి మెడ దగ్గర పగులుతుంది. ఇంజన్ మీద ఒక్క చిన్న అడాప్టరే ఉంచి, చిన్న హోస్‌తో టీని పక్కన బ్రాకెట్ మీదికి మార్చండి.

ఇంకో మాట, చాలామంది పట్టించుకోనిది. ఆరిఫైస్ ఫిల్టర్ దగ్గర కాకుండా ఇంజన్ దగ్గర, ఫీడ్ హోస్ మొదట్లో ఉండటం మేలు. హోస్ రాసుకుని చిరిగితే, వేడి ఆయిల్ 4 బార్ ప్రెషర్ దగ్గర 1.5 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి నిమిషానికి సుమారు 2 లీటర్లు పోతుంది. అదే ఎక్కువ, కానీ కారుతోందని గమనించి ఇంజన్ ఆపేందుకు కాస్త టైం ఉంటుంది. ఆరిఫైస్ అవతలి చివర ఉంటే పంపు తోసినంత ఆయిలూ నేల మీదికే. అయితే ఇంజన్ దగ్గర ఒకటి పెట్టేముందు ఫిల్టర్ తలలో ఇప్పటికే ఒకటుందేమో చూసుకోండి. ఒకే సైజువి రెండు వరుసగా పడితే ప్రవాహం సుమారు 30 శాతం తగ్గుతుంది. హోస్ మాత్రం వేడి ఆయిల్‌కి 120 డిగ్రీలు తట్టుకునే హైడ్రాలిక్ రకమే వేయండి, రాసుకునే ప్రతి చోటా తొడుగు వేయండి.

ఆయిల్ పారడం మొదలయ్యాక ఒక కొలత తీసి రాసిపెట్టుకోండి. రిటర్న్ హోస్ చివర విప్పి కొలత గీతలున్న డబ్బాలో పెట్టి, వేడి ఇంజన్ ఐడిల్‌లో సరిగ్గా ఒక నిమిషం పట్టండి. కొత్త ఎలిమెంట్‌తో వచ్చిన ఆ అంకె మీ బండికి ప్రమాణం. అది సగానికి పడిపోతే ఎలిమెంట్ మార్చాలి. కిలోమీటర్ల లెక్క కంటే నేను దీన్నే నమ్ముతాను.

ఉదాహరణకి సంప్ 8 లీటర్లు, ప్రవాహం నిమిషానికి అర లీటరు అనుకుందాం. 16 నిమిషాల్లో ఎనిమిది లీటర్లు ఫిల్టర్ దాటుతాయి. కానీ వడకట్టిన ఆయిల్ మళ్ళీ సంప్‌లోనే కలుస్తుంది కాబట్టి, అప్పటికీ సుమారు 37 శాతం ఆయిల్ ఒక్కసారి కూడా ఫిల్టర్‌లోకి వెళ్ళి ఉండదు. మూడు విడతలు, అంటే 48 నిమిషాలు తిరిగితే అది 5 శాతానికి దిగుతుంది. పది నిమిషాల ప్రయాణాలే చేసే బండికి బైపాస్ ఫిల్టర్ పెద్దగా ఉపయోగపడకపోవడానికి ఒక కారణం ఇదే. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నంతసేపూ పారేదీ తక్కువే.

పాత ఇంజన్‌కి కొత్తగా పెట్టినప్పుడు మొదటి ఎలిమెంట్ ఏళ్ళనాటి మడ్డి మోయాలి, అందుకని దాన్ని మామూలు గడువులో సగానికే మార్చండి. మార్చేటప్పుడు పాత ఓ-రింగ్ (రబ్బరు సీల్) ఒక్కోసారి ఫిల్టర్ తలకే అంటుకుని ఉండిపోతుంది. చూడకుండా దాని మీదే కొత్తది పెడితే స్టార్ట్ చేయగానే చిమ్ముతుంది. ఎలిమెంట్ మధ్య గొట్టం దగ్గరి సీల్ సరిగ్గా కూర్చోకపోవడం ఇంకా చెడ్డది, ఎందుకంటే బయటికి ఒక్క చుక్కా కారదు, ఆయిల్ మాత్రం వడపోత లేకుండా పోతూ ఉంటుంది. బిగించాక ఐడిల్‌లో రెండు నిమిషాలు ఉంచి, ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. డబ్బా సైజుని బట్టి లీటరో, రెండు లీటర్లో కొత్త ఆయిల్ పడుతుంది. ఆయిల్‌లో అయిపోతున్న అడిటివ్‌లు కొంత తిరిగి చేరేది ఈ టాపప్ వల్లే, ఫిల్టర్ వల్ల కాదు.

పాత ఎలిమెంట్‌ని పారేయకుండా పదునైన కత్తితో అడ్డంగా కోయండి. ఆయిల్ వచ్చే వైపు కాటుక నలుపు, లోపలికి పోయేకొద్దీ ముదురు గోధుమ, అవతలి అంచున లేత రంగు, ఇలా మెల్లగా మారుతూ ఉంటే బాగా పని చేసింది. అంతా తెల్లగా ఉండి ఒకే చోట నల్లటి చార ఉంటే ఆయిల్ దారి చేసుకుని పోయింది. చివరిదాకా నల్లగా, గట్టిగా ఉంటే గడువు దాటించారు. మెత్తబడి బూడిద రంగు పేస్టులా ఉంటే నీళ్ళు చేరాయి, కూలెంట్ ఎక్కడ కారుతోందో వెతకండి. టాయిలెట్ పేపర్ చుట్టను ఎలిమెంట్‌గా వాడమని చెప్పేవాళ్ళున్నారు. నీళ్ళు తగిలితే అది కుంగిపోతుంది, అంచుల్లో సీల్ ఉండదు, పీచు వదులుతుంది. నేనైతే పెట్టను.

మీది ఎలిమెంట్ రకం కాక సెంట్రిఫ్యూజ్ (రోటర్‌ని వేగంగా తిప్పి మురికిని గోడకి అంటించే రకం) అయితే పరీక్ష తేలిక. వేడి ఇంజన్ ఆపగానే రోటర్ ఇంకా తిరుగుతున్న సన్నటి గుయ్‌మనే చప్పుడు కొన్ని సెకన్లపాటు వినిపించాలి. విప్పినప్పుడు గోడకి నల్లటి పొర గట్టిగా అంటి ఉండాలి. పొరే లేదంటే రోటర్ తిరగలేదని అర్థం. కడిగి బిగించేటప్పుడు గుర్తులు కలపకపోతే బ్యాలెన్స్ తప్పి బుష్‌లు అరుగుతాయి.

ఆయిల్ గడువు సంగతి. ఫిల్టర్ రేణువుల్ని తీస్తుంది. ఆయిల్‌లో కలిసిన డీజిల్‌ని తీయదు, ఆమ్లాల్ని తీయదు, తగ్గిన టీబీఎన్‌ని (ఆమ్లాల్ని విరగ్గొట్టే శక్తి ఆయిల్‌లో ఎంత మిగిలిందో చెప్పే అంకె) పెంచదు. అందుకే ల్యాబ్ పరీక్ష లేకుండా ఒక్క కిలోమీటరు కూడా పెంచవద్దు, వారంటీలో ఉన్న బండికైతే అసలే వద్దు. మామూలు గడువుకి మొదటి నమూనా తీయండి. బాగుంటే పావువంతు పెంచి మళ్ళీ తీయండి. టీబీఎన్ కొత్త ఆయిల్‌లో ఉన్నదానికి సగానికి దిగినా, మసి 3 శాతం దగ్గరికొచ్చినా, చిక్కదనం ఒక గ్రేడు మారినా మార్చేయండి. సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ గొట్టాల్లో సందు వెతకండి. సోడియం, పొటాషియం ఒక్కసారిగా పెరిగితే కూలెంట్ చేరినట్టే, బండి ఆపండి.

నమూనా ఎక్కడ పట్టారన్నది ముఖ్యం. ఇంజన్ వేడిగా తిరుగుతుండగా ఫీడ్ వైపు, ఫిల్టర్‌కి ముందు పట్టాలి. మొదటి కాస్త పారబోసి తర్వాతది సీసాలో పట్టండి. రిటర్న్ లైన్‌లో పడితే అప్పుడే వడకట్టిన ఆయిల్ వస్తుంది, రిపోర్టు ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ల్యాబ్ స్పెక్ట్రోమీటర్‌కి 5 నుంచి 8 మైక్రాన్లు దాటిన లోహపు ముక్కలు సరిగా కనబడవు. కాబట్టి రిపోర్టు బాగున్నా, ప్రతిసారీ మామూలు ఫిల్టర్‌ని కూడా కోసి, కాగితం మడతల్ని విప్పి, అయస్కాంతం పెట్టి చూడండి. అయస్కాంతానికి అంటుకోని పసుపు, బూడిద రంగు మెరుపులు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నట్టు.