టెక్ సందేహాలు: నాన్న గుండెలో పేస్‌మేకర్, జేబులో అయస్కాంతం

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు: నాన్నకు నిరుడు పేస్‌మేకర్ పెట్టారు. వెనక అయస్కాంతం ఉండే వైర్‌లెస్ ఛార్జింగ్ ఫోన్ ఆయనకిద్దామనుకుంటున్నాను. చొక్కా జేబులో పెట్టుకోవచ్చా? పేస్‌మేకర్‌ని కూడా అలా పైనుంచే ఛార్జ్ చేస్తారా? హ్యాక్ చేస్తారంటున్నారు, నిజమేనా?

జేబులో వద్దండీ. కనీసం 15 సెంటీమీటర్లు దూరం ఉంచమనండి. గుండెల మీద ఫోన్ పెట్టుకుని నిద్రపోయే అలవాటుంటే అదీ మాన్పించండి. డాక్టర్లు అవసరానికి వాడుకోవడానికే ఆ పరికరాల్లో అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సర్ పెట్టారు. మీ ఫోనుకీ డాక్టరు చేతిలోని అయస్కాంతానికీ దానికి తేడా తెలియదు. అది దగ్గరైతే పేస్‌మేకర్ గుండె సొంత లయను పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టుకుంటూ పోతుంది. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకిచ్చే ఐసీడీ అనే పరికరమైతే షాకివ్వడమే ఆపేయొచ్చు. ఫోన్ దూరం జరిపితే సాధారణంగా మామూలైపోతుంది.

ఛార్జింగ్ సంగతి తమాషాగా ఉంటుంది. 1958లో స్టాక్‌హోమ్‌లో మనిషికి అమర్చిన మొదటి పేస్‌మేకర్‌ని చర్మం పైనుంచి కాయిల్‌తోనే ఛార్జ్ చేసేవారు. అది గంటల్లోనే పాడైంది. ఆ పేషెంటు మాత్రం 26 పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా బతికాడు. ఇప్పటివాటిలో ఏళ్ల తరబడి వచ్చే లిథియం బ్యాటరీ ఉంటుంది. అయిపోతే డబ్బా మొత్తం మారుస్తారు. వినికిడి కోసం పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్‌కి మాత్రం కరెంటూ, శబ్దం తాలూకు సమాచారమూ బయటి కాయిల్ నుంచే చర్మం దాటి వెళ్తాయి.

ఇక హ్యాకింగ్. 2008లో అమెరికా పరిశోధకులు ప్రయోగశాలలో ఒక ఐసీడీ రేడియో మాటలు విని, దానికి తామే ఆదేశాలిచ్చి చూపించారు. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ తన పరికరంలో వైర్‌లెస్ 2007లోనే తీయించేసుకున్నాడు. రోడ్డు మీద స్పృహ తప్పిన మనిషి పరికరాన్ని తెలియని డాక్టరు కూడా తెరవగలగాలి కదా, అందుకే దీనికి గట్టి తాళం వేయడం కష్టం. ఈ చిక్కు నాకు అర్థమవుతుంది. అర్థం కానిది, అసలు తాళమే వేయకుండా అమ్మడం. 2017లో అమెరికాలో సుమారు 4,65,000 పేస్‌మేకర్లకి భద్రతా అప్‌డేట్ రావాల్సొచ్చింది. ఇంట్లో కూర్చుని నొక్కేది కాదు, ఆస్పత్రికెళ్లి మూడు నిమిషాలు చేయించుకోవాలి. ఆ మూడు నిమిషాలూ గుండెకు నిమిషానికి 67 చొప్పున బ్యాకప్ కొట్టుడే దిక్కు. ఇంత తంటా ఒంట్లోకి వెళ్లకముందే ఆలోచించాల్సింది.

అలాగని దొంగ మీ నాన్నగారి కోసమే యాంటెన్నా పట్టుకుని తిరగడు. నాకు అంతకంటే పెద్ద బెంగ మంచం పక్కనుండే మానిటర్ గురించి. రాత్రిపూట పరికరంతో మాట్లాడి ఆస్పత్రికి సమాచారం పంపేది అదే. మొన్న మా బంధువులింట్లో దాని ప్లగ్ పీకేసి దోమల మందు పెట్టారు. ఎన్నాళ్లైందంటే, "వర్షాకాలం మొదలైనప్పట్నుంచి" అన్నారు. మానిటర్ బదులు ఫోన్ యాప్ అయితే బ్యాటరీ సేవరే దాని గొంతు నొక్కేస్తుంది, సెట్టింగుల్లో ఆ యాప్‌ని మినహాయించండి. మానిటర్ పనికిరాదనుకుంటే పాత సామాన్లవాడికి వేయకండి, ఆస్పత్రికే తిరిగివ్వండి. దోమల మందుకు వేరే సాకెట్ వెతుక్కోండి.