పరిశోధనకు ఏ సమాచారాన్ని నమ్మాలి?

ముందు మీ ప్రశ్న తేల్చుకోండి, దాన్ని బట్టే ఆధారం. జనాభా గురించైతే ప్రభుత్వ గణాంకాలు, చరిత్రకైతే ఆ కాలపు శాసనాలు, ఉత్తరాలు. వికీపీడియాతో మొదలుపెట్టడంలో తప్పులేదు, కానీ వ్యాసం అడుగున ఇచ్చిన మూలాలు తెరిచి చదవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ పనే. ఒకే వార్తను పది సైట్లు ఎత్తిరాస్తే దాన్ని ఒక్క ఆధారంగానే లెక్కేయండి.

సైన్సులో పేరున్న జర్నల్ అయినంత మాత్రాన సరిపోదు. ఎమ్‌ఎమ్‌ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండొచ్చన్న పరిశోధన పత్రాన్ని ‘లాన్సెట్’ అనే వైద్య జర్నల్ 1998లో అచ్చువేసింది, 2010లో గానీ ఉపసంహరించుకోలేదు. అందులో పరిశీలించింది కేవలం 12 మంది పిల్లల్ని! కాబట్టి ఏ పత్రాన్నైనా వాడేముందు ఎంతమందిని పరిశీలించారో, డబ్బు ఎవరిచ్చారో, తర్వాత ఉపసంహరించారేమో జర్నల్ సైట్‌లోనే చూడండి.