టియర్‌డౌన్ రాసినా సర్వర్ ఎందుకు ఆగడం లేదు?

ప్రశ్న: మా ప్రాజెక్టులో టెస్టులన్నీ పైథాన్‌తో వచ్చే టెస్టు లైబ్రరీ యూనిట్‌టెస్ట్‌తో రాశాము. ప్రతి టెస్టుకు ముందు సెటప్‌లో 8080 పోర్టు మీద సర్వర్‌ను వేరే ప్రాసెస్‌గా మొదలుపెట్టి, ఆ తర్వాత డేటాబేస్‌లో నమూనా రికార్డులు వేస్తాము. టెస్టు ముగిశాక నడిచే టియర్‌డౌన్‌లో రికార్డులు చెరిపి సర్వర్‌ను ఆపుతాము. విడివిడిగా నడిపితే అన్నీ పాసవుతున్నాయి. కలిపి నడిపితే మాత్రం మధ్యలో ఒకటి ఫెయిలై, ఆపైన 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' (ఆ పోర్టు ఇప్పటికే వాడుకలో ఉంది) అంటూ మిగిలినవి వరుసగా ఫెయిలవుతున్నాయి. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: టెస్టు ఫెయిలైనా టియర్‌డౌన్ నడుస్తుంది గానీ, సెటప్‌లోనే ఎర్రర్ వస్తే యూనిట్‌టెస్ట్ దాన్ని అసలు పిలవదు. మీరు చెప్పిన వరుసలో, సర్వర్ మొదలయ్యాక రికార్డులు వేసే చోట డేటాబేస్ ఒక్కసారి మొరాయించినా ఆ సర్వర్‌ను ఆపేవారు ఉండరు. తర్వాతి టెస్టు మొదలుపెట్టిన సర్వర్‌కు పోర్టు దొరకదు. ఎర్రర్ కనబడింది కనుక మీకు తెలిసింది. కొత్త సర్వర్ ఆగిపోయిన సంగతి గమనించని టెస్టు, పాత సర్వర్ ఇచ్చిన జవాబుతోనే పాసైపోవడం కూడా జరుగుతుంది. నాకు అసలు భయం అదే.

దీనికి మందు, టెస్టు చివర చేయాల్సిన శుభ్రత పనిని ముందే నమోదు చేసే యాడ్‌క్లీనప్. సర్వర్ మొదలైన మరుసటి వరుసలోనే, రికార్డుల జోలికి వెళ్లకముందే, దాన్ని ఆపే పనిని యాడ్‌క్లీనప్‌తో నమోదు చేయండి. అలా నమోదైన పనులు సెటప్ మధ్యలో ఆగిపోయినా నడుస్తాయి. వాటిలో ఒకటి ఎర్రర్ ఇచ్చినా మిగిలినవి ఆగవు. మీ టియర్‌డౌన్‌కు ఈ రెండో గుణం కూడా లేదు: రికార్డులు చెరిపే వరుస విఫలమైతే, దాని కింద ఉన్న సర్వర్ ఆపే వరుస దాకా అది చేరదు. క్లీనప్‌లు చివర నమోదైన దానితో మొదలై వెనక్కి నడుస్తాయి కనుక, ముందు వెయిట్‌ను (ప్రాసెస్ ఆగేదాకా వేచి ఉండేది), తర్వాత టెర్మినేట్‌ను (ఆగమని చెప్పేది) నమోదు చేస్తే, సర్వర్‌కు ఆగమని చెప్పడం, అది పూర్తిగా ఆగేదాకా వేచి ఉండడం సరైన వరుసలో జరుగుతాయి. క్లాసులోని టెస్టులన్నిటికీ కలిపి ఒక్కసారే నడిచే సెటప్‌క్లాస్ వాడేవారికి పైథాన్ 3.8 నుంచి యాడ్‌క్లాస్‌క్లీనప్ ఉంది.

మరో టెస్టు లైబ్రరీ అయిన పైటెస్ట్‌కు మారినా ఈ జాగ్రత్త తప్పదు. అందులో టెస్టుకు కావలసినవి సిద్ధం చేసే ఫంక్షన్‌ను ఫిక్స్‌చర్ అంటారు; దానిలో యీల్డ్ అనే వరుసకు పైన సిద్ధం చేసే పని, కింద శుభ్రత ఉంటాయి. యీల్డ్‌కు ముందే ఎర్రర్ వస్తే, యీల్డ్ తర్వాత రాసిన శుభ్రత నడవదు. అంతకుముందే సిద్ధమైన ఇతర ఫిక్స్‌చర్లను మాత్రం పైటెస్ట్ శుభ్రం చేస్తుంది. అందుకే సర్వర్‌కు ఒక ఫిక్స్‌చర్, రికార్డులకు మరొకటి విడిగా రాయాలి.

వీలైతే 8080 అని పోర్టును బిగించడం మానండి. పోర్టు సంఖ్యగా 0 ఇస్తే ఆపరేటింగ్ సిస్టమ్ ఖాళీగా ఉన్నదాన్ని ఎంచి ఇస్తుంది. అది ఏదో సర్వర్ నుంచి తెలుసుకుని టెస్టుకు అందిస్తే సరిపోతుంది. ఇక టెస్టులు నడిపే ప్రాసెస్‌నే ఎవరైనా బలవంతంగా చంపితే క్లీనప్ కూడా నడవదు గనుక, పాత రికార్డులు మిగిలి ఉంటే సెటప్ ఆరంభంలోనే చెరిపివేసే ఏర్పాటు కూడా ఉంచుకోండి.