మొరితూరుస్: చివరి అక్షరం మీద కన్ను

అమ్మలూ,

లాటిన్ పార్టిసిపుల్స్, అంటే క్రియల నుంచి పుట్టే విశేషణాల దగ్గరికి వచ్చేసరికి పట్టికలన్నీ కలగాపులగం అవుతున్నాయని రాశావు. టెన్షన్ పడకు. వాటిని కాసేపు పక్కన పెట్టి ఒక్క మాట పట్టుకో: మొరితూరుస్. 'చావబోయే' అని అర్థం. 'కాబోయే అల్లుడు' అంటామే, ఆ 'బోయే'నే ఇది.

క్రీ.శ. 52లో రోమన్ చక్రవర్తి క్లాడియస్ ఫూకినుస్ సరస్సు మీద నౌకాయుద్ధ ప్రదర్శన పెట్టించాడు. పోరాడాల్సింది శిక్షపడ్డ ఖైదీలు. 'మొరితూరి తే సలూతంత్' అన్నారట వాళ్ళు. చావబోయేవాళ్ళు నీకు వందనం చేస్తున్నారు అని. దానికి క్లాడియస్ 'ఔత్ నోన్' అన్నాడనీ, అంటే 'కాకపోవచ్చు కూడా' అన్నాడనీ, క్షమించేశాడనుకుని వాళ్ళు పోరాడం పొమ్మన్నారనీ రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. అర్థం పట్టుకోవలసింది అక్కడే. చావు ఎదురుగా ఉంది, ఇంకా జరగలేదు. జరిగిపోతే మాట వేరు, మొర్తువుస్, 'చచ్చిపోయిన' అని.

ఇక రూపాలు. చావబోయే రాజు, చావబోయే రాణి, చావబోయే రాజును. తెలుగులో 'చావబోయే' కదలదు. ఆ అలవాటే నిన్ను తికమక పెడుతోంది. ఇంటర్లో సంస్కృతం తీసుకున్నావుగా, విశేష్యానికి ఏ లింగం, వచనం, విభక్తి ఉంటే విశేషణానికీ అవే. ఇక్కడా అంతే. రాజైతే మొరితూరుస్, రాణి అయితే మొరితూర. చావబోయే రాజును అంటే మొరితూరుం, రాజులను అంటే మొరితూరోస్, రాజుల యొక్క అంటే మొరితూరోరుం. 'బొనుస్' (మంచి) రూపాలు నీకు వచ్చు కాబట్టి కొత్తగా బట్టీ పట్టేదేమీ లేదు. వర్తమాన పార్టిసిపుల్ దారి కొంచెం వేరు, అమాన్స్ ('ప్రేమిస్తున్న'), అమంతిస్ అని నడుస్తుంది. దాన్ని వచ్చే వారం చూద్దాం.

రోమన్ కవి వర్జిల్ పాదం ఒకటి చెబుతాను, నాకు చాలా ఇష్టం: 'నెక్ మొరితూర తెనెత్ క్రూదేలీ ఫూనెరె దీదో'. క్రూరమైన చావు చావబోయే దీదో కూడా నిన్ను ఆపలేదా అని కార్తేజ్ రాణి దీదో, తనను వదిలి వెళ్ళిపోతున్న ప్రియుడు ఈనియస్‌ను అడుగుతోంది. మొరితూర ముందే వచ్చేసింది, దీదో పాదం చివర ఉంది, మధ్యలో మూడు మాటలు. పక్కనున్న మాటతో అతికించావో అర్థం చెడుతుంది. ముందు చివరి అక్షరం చూడు, అది ఎవరిదో వెతుకు, తెలుగు ఆ తర్వాత చెప్పుకో.

ఆ ఖైదీలంతా ఆడవాళ్ళే అయి ఉంటే క్లాడియస్‌తో ఏమనేవాళ్ళో రాసి పంపు. మొదటి మాటలో ఒక్క అక్షరమే మారుతుంది.

మీ మావయ్య