ఆఫర్ లెటర్ ఇచ్చి డిపాజిట్ కట్టమంటే

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఇంటి నుంచే చేసుకోదగిన డేటా ఎంట్రీ ఉద్యోగమంటూ ఒక పేరున్న కంపెనీ తరఫున మెసేజ్ వచ్చింది. చాటింగ్‌లోనే ఇంటర్వ్యూ ముగించి, మర్నాడే ఆఫర్ లెటర్ పంపారు. అడిగారని గుర్తింపు కార్డు నకలు, ఫొటో, బ్యాంకు ఖాతా నంబరు పంపించాడు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌కు డిపాజిట్ కట్టాలని, మొదటి జీతంతో కలిపి తిరిగి ఇస్తామని అంటున్నారు. కట్టవచ్చా?

జవాబు: కట్టకండి. మీరు రాసిన వివరాలను బట్టి ఇది మోసమనే చెబుతాను. ఉద్యోగం ఇచ్చేవారు పని చేయించుకుని జీతం ఇస్తారే తప్ప, చేరకముందే అభ్యర్థి చేత డబ్బు కట్టించుకోరు. ప్రైవేటు నియామక ఏజెన్సీలు ఉద్యోగార్థుల నుంచి నేరుగా గానీ, మరో రూపంలో గానీ రుసుము వసూలు చేయరాదన్న సూత్రాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే తన 181వ ఒప్పందంలో చేర్చింది. డిపాజిట్ అన్నా, శిక్షణ రుసుము అన్నా, పత్రాల పరిశీలన ఖర్చు అన్నా సంగతి ఒకటే. మొదట అడిగే మొత్తం చిన్నదిగానే ఉంటుంది. ఒకసారి కట్టినవారు దాన్ని రాబట్టుకోవాలన్న ఆశతో మళ్లీ కడతారని మోసగాళ్లకు తెలుసు.

మీరు డబ్బు గురించే అడిగారు గానీ, నాకు అంతకంటే ఆందోళనగా ఉన్నది మీ అబ్బాయి ఇప్పటికే పంపిన పత్రాల విషయంలో. గుర్తింపు కార్డు, ఫొటో, ఖాతా నంబరు ఒకరి చేతిలో పడితే, అతని పేరు మీద అప్పు తీసుకోవడానికో, సిమ్ కార్డు పొందడానికో ప్రయత్నించవచ్చు. ఆ ఖాతాను దొంగ సొమ్ము దాటించడానికి వాడుకోవడం ఇంకా ప్రమాదకరం. "అడ్వాన్సు పొరపాటున ఎక్కువ పడింది, మిగిలినది ఈ ఖాతాకు పంపించు" అని ఎప్పుడైనా ఫోను రావచ్చు. ఆ సొమ్ము మోసపోయిన మరొకరిదైతే, విచారణలో మొదట కనిపించేది మీ అబ్బాయి పేరే. అందువల్ల తెలియని జమ కనిపిస్తే ఎవరికీ పంపకుండా, ఖర్చు చేయకుండా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

ముందుగా అతనిని మందలించకుండా, ఏమేమి పంపాడో, ఏ లింకు నొక్కాడో, ఏ యాప్ వేసుకున్నాడో వరుసగా రాయించండి. కోపగిస్తే సగం దాచిపెడతాడు. ఫోను తెరను అవతలివారికి చూపించే (స్క్రీన్ షేరింగ్) యాప్ ఏదైనా వేయించి ఉంటే వెంటనే తీసివేసి, పాస్‌వర్డులను మరో పరికరం నుంచి మార్చాలి. బ్యాంకుకు ఈ రోజే చెప్పి, అతని పేరు మీద కొత్త అప్పులేమైనా ఉన్నాయేమో క్రెడిట్ రిపోర్టులో చూసుకుంటూ ఉండాలి. ఆ చాటింగును చెరిపివేయవద్దు. స్క్రీన్‌షాట్లు, ఫోన్ నంబర్లు, ఆఫర్ లెటర్ జతచేసి సైబర్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేయండి.

ఇకమీదట ఏ ఆఫర్ వచ్చినా, దానిలో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవద్దు, ఎత్తేది వాళ్లే. కంపెనీ వెబ్‌సైటు చిరునామాను స్వయంగా టైపు చేసి, అక్కడున్న నంబరులో అడగాలి. ఈమెయిల్ చిరునామాను అక్షరం అక్షరం చదవాలి. ఆంగ్లంలో చిన్న అక్షరాల 'ఆర్' (r), 'ఎన్' (n) పక్కపక్కన ఉంటే ఫోను తెర మీద 'ఎమ్' (m) లాగే కనిపిస్తాయి. అసలు పేరులోని ఒక్క అక్షరాన్ని ఇలా మార్చి నకిలీ చిరునామాలు తయారుచేస్తుంటారు.

నిజమైన కంపెనీలు కూడా గుర్తింపు పత్రాలు, ఖాతా వివరాలు అడుగుతాయి గనుక ఎవరికీ ఇవ్వనంటే కుదరదు. ఎప్పుడు ఇవ్వాలన్నదే ముఖ్యం. రెజ్యూమెలో పేరు, ఫోను, ఈమెయిల్, ఊరు ఉంటే చాలు. పుట్టిన తేదీ, కార్డు నంబరు అక్కరలేదు. ఆఫర్ నిజమని తేలిన తరువాతే పత్రాలు పంపాలి. అప్పుడు కూడా నకలు మీద అడ్డంగా కంపెనీ పేరు, తేదీ, "ఉద్యోగ దరఖాస్తు కోసం మాత్రమే" అన్న మాట రాయిస్తే, దాన్ని మరో పనికి వాడుకోవడం కొంత కష్టమవుతుంది. ఓటీపీని మాత్రం ఏ దశలోనూ, ఎవరికీ చెప్పకూడదు.