40 మంది పిల్లల సేవా శిబిరానికి ఎంతమంది పెద్దవాళ్ళు కావాలి? రాత్రిని చూసి లెక్క వేయండి

మీ ప్రశ్న ఇది: దసరా సెలవుల్లో దేవరకొండ దగ్గర ఒక ఊరి సర్కారు బడిలో దిగి, తొమ్మిది, పది తరగతుల పిల్లలు 40 మందితో వారం రోజుల సేవా శిబిరం పెడుతున్నారు. సగం మంది ఆడపిల్లలు. ఇద్దరు సార్లు, ఇద్దరు మేడమ్‌లు వస్తామన్నారు, వాళ్ళు సరిపోతారా, ఇంకెవరిని పెట్టుకోవాలి అని అడిగారు.

సరిపోరు. నా లెక్కలో వంటవాళ్ళు కాకుండా ఎనిమిది మంది కావాలి, అందులో నలుగురు ఆడవాళ్ళు ఉండాలి. నేను పాలమూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. కొన్నేళ్ళుగా నారాయణపేట వైపు, మర్రిగూడ, దేవరకొండ వైపు ఇలాంటి శిబిరాలకు పెద్దవాళ్ళను కుదిర్చే పని నా మీదే పడుతోంది. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

చాలామంది ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) లెక్కను చూసి ధైర్యం చేస్తారు. అక్కడ యూనిట్‌కు 100 మంది వాలంటీర్లు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి అందులో సగం మంది, అందరికీ కలిపి ఒక ప్రోగ్రాం ఆఫీసర్. 1969లో గాంధీ శతజయంతి ఏడాది అది మొదలైంది యూనివర్సిటీ విద్యార్థుల కోసం. డిగ్రీ పిల్లలు వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు, జ్వరం వస్తే మాత్ర వేసుకుని పడుకుంటారు. పద్నాలుగేళ్ళ పిల్ల అలా కాదు. ఆ వయసులో చాలామందికి ఇల్లు వదిలి ఇన్ని రాత్రులు ఉండటం అదే మొదటిసారి.

పగలు నిజానికి నలుగురితో నడుస్తుంది. పదేసి మంది చొప్పున నాలుగు జట్లు, జట్టుకొకరు. ఇంకుడు గుంత తవ్వినా, ఇంటింటి సర్వే చేసినా ఇబ్బంది ఉండదు. చిక్కంతా చీకటి పడ్డాకే. ఆడపిల్లల గది దగ్గర ఒక మేడమ్, మగపిల్లల గది దగ్గర ఒక సార్ రాత్రంతా మెలకువగా ఉండాలి. అలా ఉన్నవాళ్ళు మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకోవాలి. నలుగురే ఉంటే పడుకోవడం కుదరదు కాబట్టి, మూడో రోజుకల్లా అందరూ చిరాకుతో ఉంటారు. పిల్లల మీద అరుపులు, వంట దగ్గర మాటా మాటా, రోడ్డు దాటించేటప్పుడు పరధ్యానం. అవతల నుంచి చూసేవాళ్ళు ఆ టీచర్ కోపిష్టి అనుకుంటారు. నిద్ర లేని మనిషిని అలా అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందుకే పగటి జట్లకు నలుగురు, రాత్రి కాపలాకు ఇద్దరు, సామాన్లు, వంట, డబ్బు చూసుకోవడానికి ఒకరు. ఏడుగురయ్యారు.

ఎనిమిదో మనిషికి ఏ పనీ ఇవ్వకండి. మేనేజ్‌మెంట్ వాళ్ళను ఒప్పించడం అన్నిటికంటే ఇక్కడే కష్టం. ఊరికే కూర్చునే మనిషికి భోజనం, బస్ ఛార్జీ ఎందుకు పెట్టాలంటారు. ఒక శిబిరంలో అర్ధరాత్రి ఒక అమ్మాయికి వాంతులు పట్టుకున్నాయి. ఒక మేడమ్ ఆ అమ్మాయితో 108లో ఆస్పత్రికి వెళ్ళింది. ఆ గొడవకు మిగతా పిల్లలు లేచి కూర్చున్నారు, ఇద్దరు ఏడుపు మొదలుపెట్టారు, అదే సమయంలో ఇంకో అమ్మాయికి నెలసరి వచ్చింది, అదీ మొదటిసారి. గదిలో మిగిలిన మేడమ్ ఒక్కతే. ఆ రాత్రి మా దగ్గర ఖాళీగా ఉన్న ఇంకో ఆడమనిషి ఉంది కాబట్టి ఒకరు ఆ అమ్మాయిని పక్కకు తీసుకెళ్ళి నెమ్మదిగా మాట్లాడగలిగారు, వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడించగలిగారు. నన్నడిగితే ఆ ఖాళీ మనిషి మేడమే అయి ఉండాలి, కాస్త వయసున్న ఆవిడ అయితే ఇంకా మంచిది.

ఇక ఎవరిని పెట్టుకోవాలి అన్నది. ఎనిమిది మందినీ హైదరాబాద్ నుంచి దింపకండి. దేవరకొండ చుట్టూ లంబాడీ తండాలు ఎక్కువ. మీ పిల్లలు తండాకు వెళ్ళి పెద్దవాళ్ళతో తెలుగులో ప్రశ్నలు అడిగితే వాళ్ళు మర్యాదకు రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. లంబాడీ మాట్లాడే టీచరో, అంగన్‌వాడీ టీచరో ఒకరు మీ జట్టులో ఉంటే కథే మారిపోతుంది. ఆ ఊరి ఆశ కార్యకర్తతో ముందే మాట్లాడండి. ఏ ఇంట్లో పేషెంట్ ఉన్నారో, ఏ ఇంటికి ఇప్పుడు వెళ్ళకూడదో ఆమెకు తెలిసినట్టు సర్పంచ్‌కు కూడా తెలియదు. వంటకు బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కలనే కుదుర్చుకోండి. ఆ పొయ్యి, ఆ గిన్నెలు, అంతమందికి వండే అలవాటు వాళ్ళకు ఉన్నాయి.

డిగ్రీ చదివే పాత విద్యార్థులు వస్తామంటే తప్పకుండా రానివ్వండి. పిల్లలు మన మాటకంటే వాళ్ళ మాట వింటారు. కానీ వాళ్ళను ఎనిమిది మందిలో లెక్కపెట్టకండి, రాత్రి బాధ్యత అసలే ఇవ్వకండి. పంతొమ్మిదేళ్ళ అబ్బాయి మీద పదిహేనేళ్ళ పిల్లల బాధ్యత పెట్టడం ఇద్దరికీ మంచిది కాదు. పెద్దవాళ్ళెవరూ పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, సొంత నంబర్ నుంచి పిల్లలకు మెసేజ్‌లు పెట్టకూడదు, ఫోటోలు ఒక్క ఫోన్‌లోనే తీయాలి. ఇవి చెప్పగానే ముఖం చిట్లించే మనిషిని, ఎంత బాగా పాటలు పాడినా, ఎంత బాగా పని చేసినా వద్దనండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 18 ఏళ్ళ లోపు వాళ్ళందరికీ వర్తిస్తుంది. తప్పు జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుండా దాచడం కూడా నేరమే. ఈ సంగతి బయలుదేరే ముందే ఎనిమిది మందికీ కూర్చోబెట్టి చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ గోడ మీద పిల్లలకు కనబడేలా రాయండి.

ఇంకొక మనిషి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు తగ్గగానే ముందు తీసేసేది ఆ మనిషినే. సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి ఈ రోజు ఏం చూశారు, ఎందుకలా ఉంది అని మాట్లాడించేవాళ్ళు. సాధారణంగా ఆ సమయం పీఈటీ సార్‌కు అప్పగిస్తారు, ఆటపాటలతో అయిపోతుంది. ఆటపాటలు ఉండాల్సిందే. కానీ పిల్లలు మట్టి మోసి, అలసి, అన్నం తిని పడుకుంటే అది శ్రమదానం అవుతుంది, చదువు అవదు.

మర్రిగూడ వైపు ఒక ఊళ్ళో మా పిల్లలు నీళ్ళ సర్వే చేశారు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిపోయి, కాళ్ళు వంకరపోయిన పెద్దవాళ్ళను చూశారు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకంలో చదివినవాళ్ళే. ఆ సాయంత్రం ఒక అబ్బాయి అడిగాడు, కళ్ళ ముందు ఇంత కనబడుతుంటే అన్నేళ్ళు ఆ బోరు నీళ్ళే ఎందుకు తాగారు అని. తొందరపడే మనిషైతే ప్రభుత్వం నిర్లక్ష్యం అనో, అవగాహన లేక అనో ఒక్క మాటలో తేల్చేసేవాడు. అక్కడున్న సోషల్ సార్ జవాబు చెప్పలేదు. వేరే నీళ్ళు ఎక్కడున్నాయి, తేవాలంటే ఎంత దూరం, ఇంట్లో నీళ్ళు మోసేది ఎవరు, ఒక రోజు కూలి పోతే ఏమవుతుంది అని తిరిగి అడుగుతూ పోయారు. కృష్ణా నీళ్ళు నల్లాల్లోకి ఎప్పుడు వచ్చాయో మర్నాడు ఊళ్ళో అడిగి రమ్మన్నారు. మర్నాడు పిల్లలు అడిగిన ప్రశ్నలే వేరు. వలస వెళ్ళిన ఇళ్ళ తాళాలు చూసి మా పాలమూరు ఊళ్ళలోనూ పిల్లలు ఇలాగే అడుగుతారు. అలా ఓపికగా వినేవాళ్ళు మీ నలుగురిలో లేకపోతే బయటి నుంచి ఒకరిని వెతకండి. పగటి జట్లు నడిపే నలుగురిలో ఒకరిగా వాళ్ళను తీసుకోండి. పిల్లలు చూసినవి వాళ్ళూ చూసి ఉండాలి.

నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి, సామాన్లు చూసే మనిషికి ఒక మాట చెప్పండి. తాగడానికే కాదు, వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్ళే వాడాలి. బోరు నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. దసరా అంటే వానలు వెనకబట్టే కాలం, బడి చుట్టూ గడ్డి పెరిగి ఉంటుంది, పాముల భయం ఉంటుంది. పిల్లలు నేల మీద పడుకునే గదుల తలుపు సందులు మూయించండి, రాత్రి బాత్రూమ్‌కు టార్చ్ లేకుండా పంపకండి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం, మంత్రాలు ఏవీ వద్దు. కదలనివ్వకుండా నేరుగా సర్కారు దవాఖానకు. దారి, ఫోన్ నంబర్లు ఎనిమిది మంది దగ్గరా కాగితం మీద ఉండాలి, కొన్ని తండాల్లో సిగ్నల్ సరిగా ఉండదు.

తేదీల విషయంలో నా సలహా, సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందే ముగించండి. ఆ రోజు ఇంటికి వెళ్ళాలని ప్రతి మేడమ్‌కూ ఉంటుంది. వస్తామని మాట ఇచ్చి చివర్లో ఆగిపోయేవాళ్ళు ఎక్కువగా ఆ కారణంతోనే ఆగిపోతారు. వాళ్ళను తప్పుపట్టలేం.

డబ్బు మాట ముందే మాట్లాడండి. సేవ అన్నారు కదా అని టీచర్ల సెలవులు ఉచితంగా తీసుకోవడం నాకు నచ్చదు. ఎంత తక్కువైనా గౌరవ వేతనం రాసి చెప్పండి, బస్ ఛార్జీలు విడిగా ఇవ్వండి. వంట అక్కలకు, దారి చూపించిన ఊరివాళ్ళకు చివరి రోజు పిల్లల బస్సు కదలక ముందే చేతికి ఇచ్చేయండి. తర్వాత పంపిస్తామంటే మళ్ళీ ఏడాది ఆ ఊళ్ళో ఎవరూ రారు.